నొప్పి తెలియని పాదం

అరికాళ్ళ మంటలు పోయాయని మా వదిన చెప్పిన రోజు ఇంట్లో అందరం సంతోషించాం. అంతకు ముందు రెండేళ్ళు ఆ మంటలతో ఆవిడ పడని బాధ లేదు. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేది. తడి గోనెపట్టా మీద కాళ్ళు పెట్టుకుని గంటలకొద్దీ కూర్చునేది. "అరికాలి మంట నెత్తికెక్కిందంటారు చూడు, నా విషయంలో అది మాటవరసకి అనేది కాదమ్మాయ్," అనేది. అలాంటిది ఒక వేసవిలో వాటంతట అవే తగ్గుతూ వచ్చి పూర్తిగా పోయాయి. షుగరు మాత్రలు పనిచేశాయనుకున్నాం. రోగం పోయాక మందెందుకని ఆవిడ ఆ మాత్రలు కూడా తగ్గించేసింది.

నిజానికి పోయింది స్పర్శ. ఆ సంగతి చెప్పగలిగినవాళ్ళు ఆసుపత్రిలో ఉన్నారు. మేం వెళ్ళి అడగలేదు.

వదిన అంటే మా ఆయనకి అక్క. ఆయన కంటే పన్నెండేళ్ళు పెద్ద. వాళ్ళమ్మ పోయేనాటికి ఆయనకి ఆరేళ్ళు. ఆవిడ చదువు మానేసి, సీసాలు కడిగే కార్ఖానాలో చేరి, తమ్ముణ్ణి పెంచింది. నడుమ ఒక పెళ్ళి జరిగింది గానీ ఆ మనిషి రెండో ఏడే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఆవిడ వెతకలేదు. "కొత్త చెప్పులు వేసుకుని, పాతవి సంచిలో పెట్టుకుపోయాడు. ఇంకేం తిరిగొస్తాడు?" అని నాతో ఒకసారి నవ్వుతూ చెప్పింది.

ఆవిడ నోరు పెద్దది. కార్ఖానాలో తోటివాళ్ళు ఆవిడని సైరన్ అనేవారు. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి పద్నాలుగేళ్ళు నా వంటకీ, నా నడకకీ, చివరికి నేను తలుపు వేసే చప్పుడుకీ కూడా వంక పెట్టింది. అయితే మాకు పిల్లలు కలగలేదు. అన్నిటికీ దెప్పిన మనిషి, ఆ ఒక్కదానికి మాత్రం ఏనాడూ దెప్పలేదు. ఇంకెవరన్నా ఆ మాట ఎత్తితే వాళ్ళ నోరు మూయించేది. అందుకని ఆవిడ ఎన్ని అన్నా నేను పడేదాన్ని.

నేను బూట్లు కుట్టే షెడ్డులో మిషను మీద పనిచేస్తాను. తోలు ముక్కల్ని కలిపి పైభాగం కుట్టడం నా పని. మనిషి పాదం చూస్తే నంబరు చెప్పేస్తాను. సాయంత్రానికి పాదం ఉబ్బుతుందని, కొలత ఎప్పుడూ సాయంత్రమే తీసుకోవాలని కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది నేనే. అయినా మా ఇంట్లో ముప్ఫై మూడేళ్ళుగా తడి నేల మీద నిలబడుతున్న పాదాల్ని నేను సరిగ్గా చూడలేదు. ఇది దాచుకోవలసిన మాట కాదు కాబట్టి చెబుతున్నాను.

చూడమని ఆ పాదాలు చాలాసార్లే చెప్పాయి. ఒకరోజు వీధిలో ఎడమ కాలి చెప్పు జారిపోతే, ఆవిడ ఆ సంగతి తెలియక ఒంటి చెప్పుతోనే ఇంటిదాకా నడిచొచ్చింది. పక్కింటావిడ చెప్పు పట్టుకుని వెనకాలే వచ్చింది. అందరం నవ్వాం. ఇంకోసారి కాళ్ళు బడలికగా ఉన్నాయని వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుంది. నేను ఆ నీళ్ళలో వేలు ముంచి చటుక్కున తీసేశాను. ఆవిడకి మాత్రం హాయిగానే ఉంది. మర్నాటికి చీలమండల దాకా చర్మం బొబ్బలెక్కి ఊడింది. ఆనెకాయలైతే గడ్డం గీసుకునే బ్లేడుతో తనే కోసుకునేది. "నొప్పి లేదే? చెక్క చెక్కినట్టుంటుంది," అని గొప్పగా చెప్పుకునేది.

ఆ రోజు నేను పని నుంచి ముందే వచ్చాను. వదిన సాయంత్రం వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. కార్ఖానా గమ్‌బూట్లు అక్కడే విడిచి రావాలి. ఎవరైనా మార్చేస్తారన్న అనుమానంతో ఆవిడ ఇంటికే వేసుకొచ్చేది. కుడి కాలిది ఊడిపోయింది. ఎడమది రాలేదు.

"పట్టి లాగు," అంది.

లాగాను. బూటుతో పాటు నల్లటి నీళ్ళు కారాయి. మేజోడు పాదానికి అతుక్కుపోయి ఉంది. కత్తెరతో కోసి తీస్తే బొటనవేలి కింద, మెత్తటి కండలో, సోడా సీసా మూత ఒకటి దిగబడి ఉంది. పళ్ళున్న వైపు లోపలికి. సీసాల వరసలోంచి ఎగిరి బూటులో పడి ఉంటుంది. ఆవిడ దాని మీద ఎనిమిది గంటలు నిలబడి, రెండు మైళ్ళు నడిచి ఇంటికొచ్చింది.

ఆవిడ ఒంగి చూసి, "ఇదా సంగతి. పొద్దుటి నుంచి బూటు కొంచెం బిగుతుగా ఉందేమిటా అనుకుంటున్నా," అంది. మూతని తనే వేళ్ళతో పట్టుకుని పీకేసింది. ముఖంలో చిన్న కదలిక కూడా లేదు.

"ఆసుపత్రికి వెళ్దాం వదినా. ఆయన రాగానే వెళ్దాం."

"తమ్ముడికి చెప్పకు."

"ఎందుకు?"

"కాలికి పుండుందని తెలిస్తే తడి నేల మీదికి రానివ్వరు. పోయినేడు లేబుళ్ళు అంటించే ఆవిణ్ణి అలాగే పంపేశారు. నెల తర్వాత రమ్మన్నారు, నెల తర్వాత ఆవిడ చోట్లో ఇంకొకత్తి ఉంది. నేను ఇంట్లో కూర్చుని నీ చేతివంట తింటూ రోజులు లెక్కపెట్టుకోవాలా?" మూతని గుమ్మం అవతలికి విసిరేసి, "వాడికి తెలిస్తే ఊరుకోడు. నువ్వు నోరు మూసుకుంటే చాలు. నిన్ను అడుగుతున్నాను," అంది.

పద్నాలుగేళ్ళలో ఆవిడ నన్ను ఒకటి అడగడం అదే మొదటిసారి. నేను సరేనన్నాను.

మా ఆయన లారీలకి రంగు కొట్టే షెడ్డులో పనిచేస్తాడు. ఇరవయ్యేళ్ళ రంగుల ఘాటుకి ఆయన ముక్కు ఏనాడో చచ్చిపోయింది. పాలు పొంగి మాడినా ఆయనకి తెలియదు. ఆ పదకొండు రోజులు మా ఇంట్లో గుట్టు నిలిచిందంటే కారణం అదే. పొద్దున్నే ఆయన లేవకముందు నేనూ వదినా స్నానాల గదిలో చేరేవాళ్ళం. నేను పుండు కడిగి, మందుల కొట్లో తెచ్చిన ఆయింట్‌మెంటు పూసి, ఉతికిన గుడ్డ చుట్టేదాన్ని. ఆవిడ దాని మీద మేజోడు, ఆ మీద బూటు తొడుక్కుని, మళ్ళీ నీళ్ళలో నిలబడటానికి వెళ్ళేది.

మూడో రోజుకి పుండు అంచులు నీళ్ళలో నానిన కాగితంలా తెల్లబడ్డాయి. ఆరో రోజు వాసన మొదలైంది. ఎనిమిదో రోజు బొటనవేలి పక్క వేలు నల్లగా మారింది. "ఇవాళ చెబుదాం వదినా," అంటే, "ఎల్లుండి సెలవు, ఆ రోజు నేనే వెళ్తాను," అనేది. ఆ ఎల్లుండి వచ్చింది, పోయింది.

ఎందుకు చెప్పలేదని తర్వాత చాలామంది అడిగారు. ఒట్టు వేయించుకుందని, భయపెట్టిందని చెప్పుకోవచ్చు. కానీ ఉన్నమాట వేరు. ఆ పదకొండు రోజులూ ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తడి చేతులు నా భుజం మీద ఆనించి లేచేది. ఒకరోజు అన్నం కలుపుకుంటూ, "కూర బాగుందమ్మాయ్," అంది. మా ఆయన తలెత్తి ఇద్దరి వైపూ ఆశ్చర్యంగా చూశాడు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో నాకే తెలుసు. అది మళ్ళీ పోతుందేమోనని నాకు దిగులు. పుండు సంగతి తెలుసు, వాసనా తెలుసు, అయినా ఆ మంచితనం ఇంకొక్క రోజు ఉండనీ అనుకున్నాను.

పదకొండో రోజు మధ్యాహ్నం వదిన సీసాల వరస దగ్గరే వణుకుతూ కూలిపోయింది. తోటి ఆడవాళ్ళిద్దరు ఆటోలో ఆసుపత్రికి చేర్చి మాకు ఫోను చేశారు. మేం వెళ్ళేసరికి బూటు కోసి తీసేశారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. డాక్టరమ్మ పాదం చూసి, చీలమండ పైదాకా వేలితో నొక్కి, "ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

మా ఆయన, "ఇవాళే తెలిసిందండీ," అన్నాడు.

డాక్టరమ్మకి సరైన లెక్క కావాలి. దాన్ని బట్టే మందు ఉంటుంది.

"పదకొండు రోజులు," అన్నాను నేను.

మా ఆయన నా వైపు తిరిగాడు. కోప్పడలేదు. "నీకు తెలుసా?" అని మాత్రం అడిగాడు. తల ఊపాను. వదిన కళ్ళు తెరిచే ఉన్నాయి. నేనేమీ అనకముందే ఆవిడ ముఖం గోడవైపు తిప్పేసుకుంది.

ముందు రెండు వేళ్ళు తీశారు. ఐదు రోజులకి విషం పైకి పాకింది, మోకాలి కింద నుంచి తీసేయాలన్నారు. మా ఆయన పెట్టిన సంతకం కాగితం మీద గీత దాటి వంకరగా పోయింది. రోజూ లారీల నుదుటి మీద తిన్నటి గీతలు గీసే చెయ్యి అది. లోపలికి తీసుకెళ్ళే ముందు వదిన, "ఆ కాలు ఏం చేస్తారురా?" అని తమ్ముణ్ణి అడిగింది. ఆవిడ దుప్పటి కింద ఆ పాదాన్ని ఇటూ అటూ కదిపి చూసుకుంది.

ఆపరేషన్ అయిన మూడో రోజు మంటలు మళ్ళీ వచ్చాయి. లేని కాలికి. "అరికాలు మండిపోతోందే, తడిగుడ్డ వెయ్యి," అనేది. ఎక్కడ వేయను? మంచం మీద ఖాళీ జాగా మీద తడిగుడ్డ పరిచాను. అలాంటి నొప్పి కొందరికి ఉంటుందని నర్సు చెప్పింది. ఉన్నన్నాళ్ళు మూత గుచ్చుకున్నా తెలియని కాలు, పోయాక నిద్రపోనివ్వలేదు.

ఆ ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఆయన ఒకరోజు వదిన కుడి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, జేబులోంచి ఒక పుల్ల తీశాడు. దాని చివర సన్నటి నైలాను దారం ముక్క ఉంది.

"కళ్ళు మూసుకో అమ్మా. దీంతో ఎక్కడ తాకితే అక్కడ చెప్పు."

వదిన కళ్ళు మూసుకుంది. ఆయన బొటనవేలి మీద దారం వంగేదాకా ఆనించాడు. ఆవిడ ఊరుకుంది. చిటికెనవేలు, వేళ్ళ మొదలు, మడమ, ఒకదాని తర్వాత ఒకటి పదిచోట్ల తాకించాడు.

"మొదలుపెట్టు నాయనా, ఎంతసేపు ఇలా కళ్ళు మూసుకోను?" అంది వదిన.

ఆయన పుల్ల జేబులో పెట్టుకున్నాడు. "అయిపోయిందమ్మా," అన్నాడు. ఆవిడ కళ్ళు తెరిచి నా ముఖం చూసింది. అప్పుడు అర్థమైంది ఆవిడకి.

"ఇది కూడా ఆ పోయినదాని తోబుట్టువే," అన్నాడాయన నాతో. "దీనికి నొప్పి తెలియదు కాబట్టి నీ కళ్ళే దీనికి నొప్పి. రోజూ చూడాలి. కింద కూడా చూడాలి, వేళ్ళ సందులు విడదీసి చూడాలి. గోరువెచ్చని నీళ్ళు, అదీ ఆవిడ కాలు పెట్టి కాదు, నువ్వు మోచెయ్యి పెట్టి చూశాక. తుడిచేటప్పుడు సందుల్లో తడి ఉంచకు. చర్మం పగలకుండా కాస్త నూనె రాయి, సందుల్లో మాత్రం రాయకు. గోళ్ళు తిన్నగా తియ్యి, మూలలు తొలవకు. ఇంట్లోనైనా సరే ఉత్త కాలితో నేల మీద అడుగు పెట్టనివ్వకు. చెప్పులో చెయ్యి పెట్టి తడిమాకే తొడగాలి. బ్లేడు పట్టుకుంటే చెయ్యి విరగ్గొట్టు." ఆవిడ చెప్పుని లోపలంతా తనే తడిమి చూసి, "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం నేను రోజూ చూస్తున్నానమ్మా. నిన్ను అంటున్నానని కాదు," అన్నాడు.

నన్నే అన్నట్టు తగిలింది.

ఇంటికొచ్చాక వదిన నన్ను ముట్టుకోనివ్వలేదు. గిన్నెతో నీళ్ళు తీసుకెళ్తే, "అక్కడ పెట్టి వెళ్ళు, నేను చేసుకోగలను," అనేది. ఒంగలేదు, చూపు సరిగ్గా ఆనదు. ఏం చూసుకుంటుంది? మా ఆయన రెండు రోజులు ప్రయత్నించాడు గానీ, అక్క కాలు ఒళ్ళో పెట్టుకోగానే ఆయన కళ్ళు నిండిపోయేవి. ఆవిడ కాలు వెనక్కి లాక్కునేది. ఇంట్లో ముగ్గురం ఉన్నాం, ఒకరి మాట ఒకరికి లేదు. ఆయన నాతో మాట్లాడటం ఆసుపత్రిలోనే మానేశాడు. ఉప్పు కావాలన్నా తనే లేచి తెచ్చుకునేవాడు. పదకొండు రోజుల సంగతి ఎవరు దాచమన్నారో వదిన చెప్పలేదు. నేనూ చెప్పుకోలేదు. మంచాన పడ్డ మనిషి మీద నేరం మోపడానికి నోరు రాలేదు.

వారం చూసి, ఒక పొద్దున ఆవిడ మంచం ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

"నా మీద కోపముంటే తిట్టండి వదినా. ఎంతసేపైనా తిట్టండి. కాలు మాత్రం ఇటివ్వండి."

"సిగ్గు లేదే నీకు?"

"లేదు."

"నాకుంది," అంది ఆవిడ. "తమ్ముడి పెళ్ళాం చేత కాళ్ళు కడిగించుకునే రోజు వచ్చింది."

"ఆ పదకొండు రోజులూ కడిగానుగా?"

"అప్పుడు నేను నిలబడి ఉన్నాను."

నేను కదల్లేదు. నీళ్ళు చల్లారిపోతున్నాయి. చాలాసేపటికి ఆవిడ కాలు నా వైపు చాచింది. ముఖం మాత్రం కిటికీ వైపు పెట్టుకుంది.

అప్పటినుంచి అదొక పని అయింది. మడమ కింద చిన్న అద్దం పెట్టి చూసేదాన్ని. ఒక సాయంత్రం కాగితం మీద ఆ పాదం గీత గీసుకుని, షెడ్డులో మిగిలిన మెత్తటి తోలుతో, లోపల ఎక్కడా కుట్టు తగలకుండా, బొటనవేలి దగ్గర జాగా వదిలి ఒక బూటు కుట్టాను. ఎన్ని వేల జతలకి పైభాగాలు కుట్టానో గానీ, ఒంటి బూటు కుట్టడం అదే మొదలు. మా మేస్త్రీ చూసి రెండోది ఏదని అడిగాడు. చెప్పాను. వదిన దాన్ని తిప్పి చూసి, "రంగు బాగాలేదు," అంది. వేసుకుంది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఉదయం నాలుగో వేలికీ చిటికెనవేలికీ నడుమ చర్మం తెల్లగా నాని, దాని మధ్య గోరంత చీలిక కనిపించింది. చుట్టూ ఎర్రగా ఉంది. నేను తల ఎత్తేసరికి వదిన నన్నే చూస్తోంది.

"ఏముంది?"

చెప్పాను.

ఆవిడ ముఖం తెల్లబోయింది. నా మణికట్టు పట్టుకుంది. "రెండు రోజులు చూద్దాం. పొడి చల్లు, తగ్గిపోతుంది. మళ్ళీ అక్కడికి తీసుకెళ్తే ఇది కూడా ఉంచరు. తమ్ముడికి చెప్పకు అమ్మాయ్. నీకు దండం పెడతాను."

ఆ చేతిని వేలు వేలుగా విడిపించుకోవాల్సి వచ్చింది. మా ఆయన ముందుగదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఎన్నో నెలలుగా నేను ఆయన్ని పలకరించి ఎరగను. ఎదురుగా వెళ్ళి నిలబడి, "వేళ్ళ సందులో పుండు లేచింది. ఇవాళే లేచింది. ఇప్పుడే తీసుకెళ్ళాలి," అన్నాను.

లోపల్నుంచి వదిన నన్ను తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి. "నిన్ను అడిగాను చూడు, నా బుద్ధికి చెప్పుతో కొట్టాలి," అంది. మా ఆయన ఆవిణ్ణి రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టేదాకా ఆ తిట్లు ఆగలేదు. దారంతా నా వైపు చూడలేదు.

కట్ల గదిలో పెద్దాయన వేళ్ళు విడదీసి, దీపం దగ్గరగా లాక్కుని చూశాడు. చాలాసేపు చూశాడు. "సరైన వేళకి తెచ్చారు," అన్నాడు. "ఇంకో నాలుగు రోజులైతే నేను వేరే మాట చెప్పేవాణ్ణి." మందు వేసి, సందులో దూది పెట్టి, మూడు వారాలు ఆ కాలు నేలకి ఆనించొద్దన్నాడు.

వదిన పళ్ళు బిగించి వింది. ఆయన కట్టు ముడి వేస్తుండగా, తమ్ముడి వైపు చూడకుండా, "అప్పుడు కూడా ఇది చెబుతానందిరా. నేనే వద్దన్నాను," అంది.

"నాకు తెలుసక్కా," అన్నాడు మా ఆయన. "నువ్వు వద్దంటావనీ తెలుసు, ఇది వింటుందనీ తెలుసు." తర్వాత నా వైపు తిరిగాడు. "అయినా నువ్వు చెప్పాల్సింది."

నేను ఔనన్నాను.

ఇది జరిగి మూడేళ్ళయింది. వదినకి ఆ కాలు ఉంది. మూత్రపిండాలు పాడవుతున్నాయని డాక్టర్లు అంటున్నారు, మనిషి సగమైంది, కళ్ళకి మసకే తప్ప రూపాలు ఆనడం లేదు. నా కూరలో ఉప్పు ఎక్కువైందని రోజూ చెబుతుంది. బాగుందన్న మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు, నేను ఎదురుచూడడమూ మానేశాను. కార్ఖానా నుంచి ఆడవాళ్ళు అప్పుడప్పుడు చూడటానికి వస్తారు. ఆవిడ వాళ్ళ చేత గుమ్మంలో చెప్పులు విప్పించి, అరికాళ్ళు చూపించమంటుంది. తనకి కనపడదు కాబట్టి, చూసి చెప్పమని నన్ను పిలుస్తుంది. నేను చూసి చెబుతాను.

మా ఆయన ఇప్పుడు నాతో మాట్లాడతాడు. పనిమాటలు, ఇంటిమాటలు, ఒక్కోసారి నవ్వే మాటలు కూడా. కానీ నేను ఏ సంగతి చెప్పినా, విన్నాక ఒక క్షణం ఆగి, "ఇంకేమైనా ఉందా?" అని అడుగుతాడు. వెనకటి పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ అలా అడిగేవాడు కాదు.